ఒక కంప్యూటరు, రెండు నెట్‌వర్కు కార్డులు: చిరునామాల తగవు తీర్చడం ఎలా?

(పాల సంఘాల కార్యదర్శులు, పాలకవర్గ సభ్యులు, పాలు పోసే సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఇన్‌స్పెక్టరు మాట్లాడతాడంటే లెక్కల పుస్తకాలు, ఆడిట్ అభ్యంతరాలు, దాణా బకాయిలు, ఇవే వస్తాయని మీరు అనుకోవడం సహజం. ఈ పూట వాటి జోలికి పోము. పాల కేంద్రంలోని కంప్యూటరుకు రెండు నెట్‌వర్కు కార్డులు ఉన్నప్పుడు వచ్చే ఒక చిక్కు గురించి, అది తీర్చుకొనే పద్ధతి గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము. మేము ఇంజనీర్లము కాము. సహకార డిప్లొమా చదివి, సంఘాల పుస్తకాలు తిరగవేయడంలో తల నెరిసినవాళ్లము. అయితే ఈ చిక్కు అర్థం కావడానికి ఇంజనీరింగు అక్కరలేదు. సభ్యుల రిజిస్టరు సరిగా రాయడం తెలిస్తే చాలును.

ఇది సభ్యుల విషయం ఎందుకయింది?

మన కేంద్రాలలో తూకపు యంత్రం, వెన్న శాతం చూసే యంత్రం, అంకెలు చూపే బోర్డు, చీటీ వేసే ప్రింటరు, వీటన్నిటినీ కలిపే కంప్యూటరు వచ్చినవి. వీటి ప్రయోజనం ఒక్కటే. యంత్రం చూసిన అంకె మనిషి చెయ్యి తగలకుండా సభ్యుని ఖాతాలోకి పోవాలి. చీటీ మీద నమ్మకం నిలిచేది దానివల్లనే.

ఆ అంకె కంప్యూటరు దాకా రాకపోతే ఏమవుతుంది? కార్యదర్శి చేత్తో వేయవలసి వస్తుంది. ఒక సభ్యురాలు పూటకు 8 కిలోల గేదె పాలు పోస్తున్నదనుకుందాం. కిలో వెన్నకు 800 రూపాయలు అనుకుందాం. ఇది లెక్క కోసం వేసుకున్న ధర మాత్రమే. 7 శాతం పడవలసిన చోట 6 శాతం పడితే ఆ పూటకు 80 గ్రాముల వెన్న తగ్గింది. అంటే 64 రూపాయలు. పదిహేను రోజుల బిల్లులో 30 పూటలు ఉంటాయి. 1,920 రూపాయలు తేడా వస్తుంది. ఒక తీగ సరిగా మాట్లాడకపోతే ఒక ఇంటి దాణా ఖర్చు పోతుంది. అందుచేత ఇది కంప్యూటరువారి విషయమని వదిలివేయరాదు.

ఒక సంఘంలో జరిగినది

పేరు చెప్పము. ఆ సంఘంలో వెన్న యంత్రం నుంచి వచ్చే సీరియల్ తీగను నెట్‌వర్కు తీగగా మార్చే చిన్న కన్వర్టరు పెట్టె ఉన్నది. అది కంప్యూటరులోని పాత కార్డుకు కలిపి ఉన్నది. సంవత్సరంపాటు ఏ ఇబ్బందీ లేదు. తరువాత బ్రాడ్‌బ్యాండు తీసుకున్నారు. కనెక్షను పెట్టడానికి వచ్చిన మనిషి కంప్యూటరుకు రెండవ కార్డు వేసి, ఇంటర్నెట్ తీగను దానికి తగిలించి వెళ్లాడు. ఆ సాయంత్రం నుంచే వెన్న అంకె రావడం మానేసింది. ఇంటర్నెట్ తీగ లాగివేస్తే వస్తుంది, పెడితే పోతుంది.

టెస్టరు ఏం చేశాడు? పాలు పోసేవారు వరుసలో ఉన్నారు, వ్యాను వచ్చే వేళయింది. రాని అంకెల బదులు అంతకుముందు పూటల సగటు వేసుకుంటూ పోయాడు. నాలుగు రోజులు అలా నడిచింది. ఐదవ రోజున ఒక సభ్యుడు తన చీటీలన్నీ పక్కపక్కన పెట్టి, ఎనిమిది పూటలూ ఒకే శాతం ఎట్లా వచ్చిందని అడిగాడు. మాట పెరిగింది. కార్యదర్శి కావాలనే తీగ లాగి అంకెలు మారుస్తున్నాడని ఊరంతా అనుకున్నారు.

మేము వెళ్లి చూశాము. ఆ నాలుగు రోజుల వెన్న మొత్తాన్ని డెయిరీ నుంచి వచ్చిన ట్రక్ షీట్లతో సరిచూశాము. మొత్తం దాదాపు సరిపోయింది. దొంగతనం లేదు. అయితే మొత్తం సరిపోయినంత మాత్రాన న్యాయం జరిగినట్లు కాదు. ఆ రోజులలో ఎవరి పాలలో వెన్న పెరిగిందో వారు నష్టపోయారు, ఎవరి పాలలో తగ్గిందో వారు లాభపడ్డారు. సగటు వేస్తే సంఘం లెక్క సరిపోతుంది, సభ్యుని లెక్క తప్పుతుంది. ఈ తేడా ఏ ఆడిట్ షీటులోనూ కనబడదు.

ఇంతకీ దోషం ఎక్కడున్నది? కార్డులు రెండూ మంచివే. తీగలు మంచివే. చిరునామాలలో తగవు వచ్చింది.

చిరునామా అంటే ఏమిటి?

నెట్‌వర్కులో ఉన్న ప్రతి కార్డుకూ 192.168.1.20 వంటి ఒక అంకె ఉంటుంది. ఇందులో నాలుగు భాగాలు. దాని కింద 255.255.255.0 అని మరొక అంకె ఉంటుంది, దీనిని మాస్క్ అంటారు. ఎంతవరకు ఊరి పేరు, ఎక్కడి నుంచి ఇంటి నంబరు అన్నది ఈ మాస్క్ చెబుతుంది. ఈ మాస్క్ ఉన్నప్పుడు మొదటి మూడు భాగాలు ఊరు, చివరిది ఇల్లు. 192.168.1 అన్నది ఊరు, 20 అన్నది ఇంటి నంబరు. ఇక గేట్‌వే అనే మూడవ అంకె, ఊరి పొలిమేర దాటి బయటికి పోవలసిన జాబులను ఎవరి చేతికివ్వాలో చెబుతుంది.

రెండు కార్డులున్న కంప్యూటరును రెండు గుమ్మాలున్న ఇల్లు అనుకోండి. వీధి గుమ్మం ఇంటర్నెట్ వైపు. పెరటి గుమ్మం వెన్న యంత్రం వైపు. ఏ గుమ్మం ఏ ఊరికి దారి తీస్తుందో ఇంటివారికి తెలిసినంతకాలం చిక్కు లేదు. రెండు గుమ్మాల ముందున్న ఊళ్లకూ ఒకే పేరు పెడితే, పంపిన మనిషి ఏ గుమ్మం గుండా పోవాలి?

పై సంఘంలో జరిగినది ఇదే. కన్వర్టరు పెట్టె 192.168.1.20. కొత్తగా వచ్చిన రూటరు 192.168.1.1. రెండు వైపులా ఒకే ఊరు పేరు. విండోస్ ఇటువంటప్పుడు మెట్రిక్ అనే అంకెను చూస్తుంది, అది తక్కువ ఉన్న దారిని ఎంచుకుంటుంది. మనం ఏమీ చెప్పకపోతే కార్డు వేగాన్ని బట్టి ఆ అంకె వేసుకుంటుంది. పాత కార్డు 100 మెగాబిట్లది, కొత్తది 1000 మెగాబిట్లది. కనుక వెన్న యంత్రానికి పోవలసిన పిలుపు వీధి గుమ్మం గుండా ఇంటర్నెట్ వైపు పోయింది. అక్కడ 20వ నంబరు ఇల్లు లేదు. జవాబు రాలేదు. ఇంటర్నెట్ తీగ లాగివేయగానే మిగిలినది పెరటి గుమ్మమే కనుక పని జరిగింది.

తగవులు ఎన్ని రకాలు?

మొదటిది ఇప్పుడు చెప్పినదే: రెండు కార్డులూ ఒకే ఊరి పేరుతో ఉండడం. గుర్తు ఏమిటంటే, ఒక తీగ తీస్తే రెండవ వైపు పని చేస్తుంది. చాలా రూటర్లు కొన్నప్పుడే 192.168.1.1 అనో 192.168.0.1 అనో పెట్టుకుని వస్తాయి. అందుకే ఈ తగవు తరచుగా వస్తుంది.

రెండవది: రెండు యంత్రాలకు ఒకే చిరునామా. సభ్యుల రిజిస్టరులో ఇద్దరికి ఒకే నంబరు ఇచ్చినట్లు. నెట్‌వర్కులో ఒక యంత్రం మరొకదాన్ని వెతికేటప్పుడు “ఈ నంబరు ఎవరిది?” అని అందరినీ అడుగుతుంది. 1982లో ప్రకటించిన ఏఆర్‌పీ అనే పద్ధతి ఇది. ఇద్దరు “నాది” అంటే, ఒకసారి వీరికీ ఒకసారి వారికీ జాబు పోతుంది. కొంతసేపు పని చేయడం, కొంతసేపు ఆగిపోవడం దీని గుర్తు. కొత్తగా నంబరు తీసుకొనే యంత్రం ముందుగా విచారించుకోవలెనని 2008లో ఒక నియమం వచ్చినది. చిన్న పెట్టెలన్నీ దానిని పాటిస్తాయన్న హామీ లేదు. సాధారణంగా ఇది ఎట్లా వస్తుందంటే, మనం ప్రింటరుకు చేత్తో ఒక నంబరు పెడతాము. రూటరు తనంతట తాను నంబర్లు పంచుతూ అదే నంబరును ఎవరి సెల్‌ఫోనుకో ఇచ్చివేస్తుంది.

మూడవది: రెండు గేట్‌వేలు. రెండు కార్డులకూ గేట్‌వే నింపితే బయటికి పోయే జాబు దారి తప్పవచ్చు. విండోస్ కూడా రెండవది పెట్టేటప్పుడు హెచ్చరిస్తుంది. మనవారు చదవకుండా సరే అని నొక్కుతారు.

నాలుగవది కొంచెం విచిత్రమైనది. పిడుగుపాటుకు కార్డు కాలిపోతుంది. కొత్త కార్డు వేసి పాత చిరునామానే ఇస్తే, అది వేరొక కార్డుకు ఇచ్చి ఉన్నదని, ఆ కార్డు ఇప్పుడు కంప్యూటరులో లేదని తెర మీద రాస్తుంది. సంఘం వదిలి వెళ్లిన సభ్యుని నంబరు రిజిస్టరులో కొట్టివేయనట్లే ఇదీను. పాత కార్డు అమరికను తీసివేయమంటారా అని అడిగితే అవును అనవలెను. అడగకపోతే డివైస్ మేనేజరు తెరచి, వ్యూ కింద దాచిన పరికరాలను చూపమని చెప్పాలి. నెట్‌వర్కు కార్డుల వరుసలో లేత రంగులో కనబడే పాత కార్డు పేరును తొలగించాలి. అక్కడ లేతగా కనబడేవన్నీ తీసివేయరాదు. కాలిపోయిన కార్డు పేరు చూసుకొని దానిని మాత్రమే తీయాలి.

ఇక 169.254తో మొదలయ్యే అంకె కనబడితే అది తగవు కాదు. నంబరు పంచేవాడు దొరకక కార్డు తనకు తాను ఒకటి పెట్టుకున్నదని అర్థం. తీగ ఊడిందో, రూటరు ఆగిందో చూసుకోవాలి.

మరొక్క మాట. “మా కంప్యూటరుకు ఒకటే కార్డు” అని చాలామంది అంటారు. తీగ లేని వైఫై కూడా ఒక కార్డే. ఇంటర్నెట్ కోసం సెల్‌ఫోనును తీగతో కలిపితే అదీ ఒక కార్డుగానే కనబడుతుంది. లెక్క వేసేటప్పుడు వాటిని కూడా కలుపుకోవాలి.

సరిచేసే వరుస

ఉదయం పాలు వెళ్లిన తరువాత, సాయంత్రం పాలు మొదలయ్యే లోపల ఈ పని పెట్టుకోవాలి. పాలు పోసే వేళ అమరికల జోలికి పోరాదు. ముందుగా ఆ పూట లెక్క కాగితం మీద ముద్రించి, ప్రోగ్రాములోని లెక్కలకు ఒక నకలు తీసి పెట్టుకోవాలి. తరువాత ఈ వరుసలో చేయాలి.

ఒకటి: ఉన్నది ఉన్నట్లు రాసుకోవాలి. కమాండ్ ప్రాంప్ట్ అనే నల్లని తెర తెరచి ఐపీకాన్ఫిగ్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఏటవాలు గీత పెట్టి, ఆల్ అని కొట్టాలి. ప్రతి కార్డు పేరు, చిరునామా, మాస్క్, గేట్‌వే వరుసగా వస్తాయి. వాటిని కాగితం మీద పట్టికగా దించుకోవాలి. సగం రోగం అక్కడే బయటపడుతుంది.

రెండు: మొదటి మూడు భాగాలు పోల్చాలి. రెండు కార్డులకూ అవి ఒకటే అయితే మొదటి రకం తగవు. రూట్ ప్రింట్ అని కొడితే ఒకే ఊరికి రెండు దారులు, వాటి పక్కన మెట్రిక్ అంకెలు కనబడతాయి.

మూడు: ఒకే నంబరు ఇద్దరికి ఉన్నదన్న అనుమానం ఉంటే, మన యంత్రం తీగ తీసివేసి, దాని చిరునామాకు పింగ్ చేయాలి. యంత్రం తీగ ఊడి ఉన్నా ఆ చిరునామా నుంచి జవాబు వస్తే ఆ నంబరు మరొకరి దగ్గర ఉన్నట్లే. అప్పుడు ఏఆర్‌పీ అని కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి, ఏ అని కొడితే ఆ చిరునామాకు ఎదురుగా 12 అక్షరాల హార్డువేరు నంబరు కనబడుతుంది. యంత్రాల మీద అతికించిన చీటీలతో అది పోల్చుకుంటే రెండవవాడెవరో తెలుస్తుంది.

నాలుగు: పెరటి వైపు ఊరి పేరు మార్చాలి. ఇంటి లోపలి అవసరాలకు ఎవరైనా వాడుకొనే అంకెలను 1996 నాటికే విడిగా ఉంచారు. 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి. వీటిలో రూటరు వాడనిది ఒకటి తీసుకోవాలి. ఉదాహరణకు 192.168.50. కన్వర్టరు పెట్టెకు 192.168.50.11, ప్రింటరుకు 192.168.50.12, కంప్యూటరు పెరటి కార్డుకు 192.168.50.1. మాస్క్ అన్నిటికీ 255.255.255.0. ముందు పెట్టెల చిరునామా మార్చి, కొత్త అంకెను వాటి మీదే చీటీ అతికించి, ఆ తరువాతనే కంప్యూటరు కార్డుది మార్చాలి. కంప్యూటరుది ముందే మార్చితే పాత ఊరిలో ఉన్న పెట్టెను పిలవడానికి వీలుండదు.

ఐదు: పెరటి కార్డుకు గేట్‌వే ఖాళీగా వదలాలి, డీఎన్ఎస్ కూడా ఖాళీ. గేట్‌వే వీధి కార్డుకు మాత్రమే. వీధి కార్డు తన చిరునామాను రూటరు దగ్గర తానే తీసుకొనేటట్లు ఉంచాలి.

ఆరు: వీధి వైపున కూడా చేత్తో నంబరు పెట్టవలసిన యంత్రం ఏదైనా ఉంటే, రూటరు పంచే నంబర్లకు ఒక హద్దు పెట్టించాలి. 100 నుంచి 200 వరకు రూటరు పంచితే, 2 నుంచి 99 వరకు మన చేతిలో ఉంటాయి.

ఏడు: రెండు వైపుల పెట్టెలను ఒకదానికొకటి తీగతో కలపరాదు. రెండు కార్డులను బ్రిడ్జి చేయమని ఎవరైనా సలహా ఇస్తే వినరాదు. విడదీసినది మళ్లీ కలిపినట్లవుతుంది.

ఎనిమిది: పాల లెక్కల ప్రోగ్రాములో యంత్రం చిరునామా రాసి ఉన్న చోట కొత్త అంకె వేయాలి. చాలాచోట్ల పని అంతా సరిగా చేసి, దీనిని మరచి, మళ్లీ పాడయిందని అనుకుంటారు.

ఆఖరున ఇంటర్నెట్ తీగ పెట్టి ఉంచి ఒక నమూనా పాలు పరీక్షించాలి. తీగ తీసి ఒకసారి పరీక్షించాలి. కంప్యూటరు ఆపి మళ్లీ వేసి మూడవసారి పరీక్షించాలి. మూడుసార్లూ అంకె వస్తేనే పని అయినట్లు.

సరికాని రోజున ఏం చేయాలి?

అన్ని రోజులూ మన చేతిలో ఉండవు. అంకె రాని పూట సగటు వేయరాదు. నిన్నటి శాతం వేయరాదు. వెన్న యంత్రం పని చేస్తూ, కంప్యూటరుకు మాత్రమే అంకె రాకపోతే, యంత్రం తెర మీది అంకెను సభ్యునికి చూపి, పుస్తకంలో రాసి, సభ్యుని చేత సంతకమో వేలిముద్రో వేయించుకోవాలి. యంత్రమే పని చేయకపోతే నమూనా సీసాలు తీసి పెట్టి, గెర్బర్ పద్ధతిన పరీక్షించాలి. బ్యుటిరోమీటర్లు మూలన పడవేసిన సంఘాలు వాటిని కడిగి సిద్ధంగా ఉంచుకోవాలని మా మనవి. చేత్తో వేసిన ప్రతి పూటనూ బోర్డు మీద ప్రకటించాలి. దాచిన పని మంచిదైనా అనుమానం పుట్టిస్తుంది. చెప్పి చేసిన పనికి సభ్యులు సహకరిస్తారు.

సభ్యులకు కూడా ఒక మాట. చీటీ మీద వరుసగా ఒకే శాతం కనబడితే అడగండి. అది మీ హక్కు. అడిగేటప్పుడు దొంగ అనే మాటతో మొదలుపెట్టకండి. పై సంఘంలో కార్యదర్శి పదిహేనేళ్లు పని చేసినవాడు. ట్రక్ షీట్లు సరిపోయాయని మేము మహాజనసభలో చదివి వినిపించిన తరువాత కూడా ఆయన ఉద్యోగంలో ఉండనన్నాడు. పాలకవర్గం వారు ఇంటికి వెళ్లి బతిమాలవలసి వచ్చింది. నష్టపోయిన సభ్యులకు తేడా కట్టే విషయంలో, ఆ తరువాతి పది పూటల యంత్రపు అంకెలు చూసి, ఒక్కొక్కరి లెక్క విడివిడిగా వేసి, సభ ఆమోదంతో చెల్లించారు. ఎక్కువ పొందినవారిలో కొందరు తమంతట తామే బిల్లులో తగ్గించుకోమన్నారు. అందరూ అనలేదు.

పాలకవర్గాలు వచ్చే సమావేశంలో ఒక తీర్మానం చేయాలని కోరుతున్నాము. కంప్యూటరు గదిలో చిరునామాల రిజిస్టరు ఒకటి పెట్టాలి. యంత్రం పేరు, హార్డువేరు నంబరు, చిరునామా, ఏ గుమ్మం వైపు, ఎవరు ఏ తేదీన పెట్టారు అనే వరసలు ఉండాలి. బయటి నుంచి ఎవరు వచ్చి ఏ తీగ తగిలించినా, ఈ పుస్తకంలో రాసి సంతకం చేయనిదే పంపరాదు. రెండు తీగలకూ రెండు రంగుల గుడ్డపేలికలు కట్టినా మంచిదే. ఈ పుస్తకానికి అయ్యే ఖర్చు ఒక లీటరు పాల ధరకు మించదు. మేము ఇకమీదట తనిఖీకి వచ్చినప్పుడు నగదు పుస్తకంతోపాటు దీనిని కూడా అడుగుతాము.

సందేహాలున్నవారు భోజనాల తరువాత కలవగలరు. సాయంత్రం పాల వేళకు అందరూ ఊళ్లు చేరాలి కనుక ఇంతటితో ముగిస్తాము.